మైల దినాల్లో పిజ్జాలు

మా నాయనను ఆస్పత్రికి తీసుకుపోయిన కారులోనే నేను పిజ్జాలు మోసేవాణ్ణి. ఆ రోజు ముందు సీటులో కూర్చుని "ఏందిరా ఈ వాసన?" అని అడిగాడు. చీజ్ అన్నాను. "పాలిరిగినట్టుండాది" అన్నాడు. ఆ తర్వాత ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు.

ఆ వాసన పోదు. పిజ్జా చల్లారకూడదని ఏసీ వేయను, అద్దాలు దించను. తిరుపతి ఎండలో కొన్ని నెలలు అలా తిరిగితే సీట్ల గుడ్డలోకి దిగిపోతుంది. మామూలుగా ఇది బైకుల మీద తిరిగేవాళ్ల పని. కాలేజీలకు, లాడ్జీలకు ఐదూ పదీ డబ్బాలు ఒక్కసారే పోవాల్సి వస్తే కార్లున్నవాళ్లను పిలుస్తారు. నేను తెలుగు చెప్పిన ప్రైవేటు బడి మూతపడ్డాక నాకు మిగిలినవి అప్పు కంతులు తీరని కారు, ఇంటి నిండా పుస్తకాలు. పుస్తకాలను ఎవరూ బాడుగకు పిలవరు.

చేరిన రోజు ఫోనులో ఒక ఒప్పందం చూపించారు. నేను ఉద్యోగిని కాదు, స్వతంత్ర కాంట్రాక్టరును అని అందులో ఉంది. కారు నాది, పెట్రోలు నాది, పంక్చరైతే అదీ నాదే. ఇంటికి వచ్చి నాయనకు చదివి వినిపించాను. ఆయన బతుకంతా బస్టాండు పక్కన ట్యాక్సీ స్టాండులో కారు తోలినవాడు.

"మరి మీ స్టాండు యాడుండాది?" అన్నాడు.

"స్టాండు లేదు. ఫోన్లో వస్తుంది."

"అట్లయితే సీరియల్ ఎవురు పిలస్తారు?"

ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను. వాళ్ల స్టాండులో వచ్చిన వరుసన పేర్లు బోర్డు మీద సుద్దతో రాస్తారు. బాడుగ రాగానే పైనున్న పేరు పిలుస్తారు. దాన్నే సీరియల్ అంటారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ డ్రైవరు పది దినాలు రాడు. అయినా పేరు చెరపరు. అతని వంతు వచ్చినప్పుడు పిలుస్తారు. ఎవరో ఒకరు "ఉండాడు" అని పలికి అతని బదులు పోయి, వచ్చింది ఆ ఇంటికి చేరుస్తారు. మా నాయన అలా చాలాసార్లు పలికాడు.

ఆయన పోయిన మూడో రోజు, చితి దగ్గర పాలు పోసి వచ్చాక, పిజ్జా షాపులో మా పని చూసే అతనికి ఫోన్ చేశాను.

"మా నాయన పోయినాడు. పది దినాలు సెలవు కావాలి."

"అయ్యో సార్" అన్నాడు. ఆ అయ్యో నిజమైనదే. "కానీ మీకు సెలవనేది లేదు సార్. అది ఉద్యోగం చేసేవాళ్లకి. మీరు ఇష్టం లేకుంటే రావద్దు, ఎవురూ అడగరు."

"రాకుంటే?"

"వారంలో నాలుగు దినాలన్నా ఆర్డర్లు తీసుకోలేదంటే ఐడీ దానంతట అదే క్లోజ్ అయిపోతాది. నా చేతిలో లేదు."

"మళ్లీ ఇస్తారా?"

"కార్లోళ్లు శానామంది కాసుకోనుండారు సార్."

ఐడీ పోతే కారు పోతుంది. ఆ వారంలో మూడు రోజులు అప్పటికే అయిపోయాయి.

తలకొరివి పెట్టినవాణ్ణి నేను. గడ్డం గీయకూడదు, చెప్పులు వేయకూడదు, ఒకరి ఇంటి గడప తొక్కకూడదు, నా చేత్తో ఎవరికీ తిండి ఇవ్వకూడదు. వీటిని నేను నమ్ముతానా అంటే చెప్పలేను. నాయన నమ్మేవాడు. నాలుగో రోజు, కర్మకు సామాన్లు తేవాలని ఇంట్లో అబద్ధం చెప్పి యాప్ ఆన్ చేశాను.

మొదటి ఆర్డరే ట్యాక్సీ స్టాండుకు వచ్చింది. కొండ దిగి వచ్చిన యాత్రికులు కాణిపాకానికి రెండు కార్లు మాట్లాడుకుని, ఎక్కేముందు పిల్లలకని ఆరు పిజ్జాలు తెప్పించుకున్నారు. వద్దనుకుంటే ఆ రోజు లెక్కలోకి రాదు. వట్టి కాళ్లతో, మాసిన గడ్డంతో, డబ్బాల సంచి పట్టుకుని స్టాండులోకి నడిచాను. రేకుల కింద కూర్చున్న డ్రైవర్లు నా కాళ్ల వైపు చూశారు. మా నాయనతో పాటే ఆ స్టాండులో ముసలివాడైన ఒకాయన లేచి వచ్చాడు. చుట్టం కాదు గానీ చిన్నప్పటినుంచీ చిన్నాయన అనే పిలుస్తాను.

"ఏమప్పా ఇది?"

"పోకుంటే తీసేస్తారు చిన్నాయనా."

"మనిషి సచ్చినా తీసేస్తారా?"

"సచ్చింది నేను కాదు కదా."

ఆయన సంచి లాక్కున్నాడు. "మైలోడివి, బిడ్డలు తినే తిండి నీ సేత్తో ఇస్తావా? నేనిస్తా. ఏదో నంబరు అడగాలంట కదా, అదేందో సెప్పు."

యాత్రికుల దగ్గర నాలుగంకెల నంబరు కనుక్కుని, స్టాండంతా వినేట్టు చదివాడు. నేను దూరంగా నిలబడి ఫోన్లో నొక్కాను. తిరిగి వచ్చి బోర్డు చూపించాడు. నాలుగో వరుసలో నాయన పేరు ఉంది. కళ్లు కనబడక ఆయన కారు అమ్మేసి రెండేళ్లయింది. అయినా రాశారు.

"పదో దినం దాకా పిలస్తాము" అన్నాడు. "నువ్వు ఒక్కడివే తిరగబాక. రేపట్నించి నేనొస్తా."

తన సీరియల్ వదులుకుని మూడు రోజులు నా పక్కన కూర్చున్నాడు. నేను తోలేది, ఆయన దిగి ఇచ్చేది. ఖాకీ చొక్కా, చెవి మీద బీడీ. అద్దాలు దించొద్దంటే, "నన్ను గూడా కాల్సి డబ్బాలో పెట్టు" అని తిట్టేవాడు. అలిపిరి దారిలో ఒకావిడ "ఈ వయసులో ఈ పనేంది తాతా?" అని అడిగితే "పుణ్యానికమ్మా" అన్నాడట. కారెక్కి ఆ మాట చెప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నాయన పోయాక అదే మొదటిసారి.

ఏడో రోజు మధ్యాహ్నం ఆయన చివరి ఆర్డరుతో ఒక గేటు లోపలికి పోయాడు. నాలుగు దినాలూ పూర్తయినట్టే. అప్పుడు ఫోన్లో మెసేజి వచ్చింది. యాప్‌లో ఫోటో ఉన్న మనిషి కాకుండా వేరొకరు పిజ్జా తెచ్చిస్తున్నారని ఫిర్యాదు అందిందట. నా ఐడీ ఇంకొకరు వాడుతున్నట్టు తేలిందట. అందువల్ల శాశ్వతంగా మూసేశారు. భాగస్వామిగా ఉన్నందుకు ధన్యవాదాలు కూడా చెప్పారు.

తలెత్తేసరికి ఆయన ఖాళీ సంచి ఊపుకుంటూ వస్తున్నాడు.

"అయిపోయినట్టేనా?"

"అయిపోయింది" అన్నాను.

ఆయనను స్టాండు దగ్గర దించి షాపుకు ఫోన్ చేశాను. "ఒక మాట నాతో చెప్పుండాల్సింది సార్" అన్నాడు అతను.

"చెప్పుంటే?"

"ఒప్పుకోం సార్."

మైలలో నేనే నా చేత్తో ఇచ్చుంటే ఎవరికీ పట్టేది కాదు. ఐడీ ఉండేది, కారూ ఉండేది. ఈ సంగతి ఎన్నిసార్లు ఆలోచించుకున్నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియదు. కంపెనీ అంటే ఒక మెసేజి. షాపులో అతను మంచివాడే. ఇక మిగిలింది చిన్నాయన.

పదో దినం స్వర్ణముఖి గట్టున గుండు గీయించుకున్నాను. స్టాండు వాళ్లందరూ వచ్చారు. ఆ సాయంత్రం బోర్డు మీద నాయన పేరు తుడిచేశారని విన్నాను. మూడో కంతు తప్పాక ఫైనాన్సు వాళ్లు కారు తీసుకుపోయారు. వాసన గురించి వాళ్లేమీ అనలేదు.

ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. స్టాండు మీదుగానే నడిచిపోతాను. చిన్నాయన కనబడితే కేకేస్తాడు.

"ఏమప్పా, పిజ్జా పని ఎట్లుండాది?"

"ఉండాది చిన్నాయనా."

"కారు యాడ?"

"షెడ్డులో ఇడిసినా."

ఆయన పక్కనున్న డ్రైవర్ల వైపు తిరుగుతాడు. వాళ్లలో కొత్తవాళ్లు ఎవరన్నా ఉంటే, నా భుజం మీద చెయ్యేసి మొదలుపెడతాడు. "ఈయప్ప పని పోకుండా ఆ పొద్దు నేనే తిరిగినాను. అడగండి కావాలంటే."

వాళ్లు నా వైపు చూస్తారు. నేను అవునంటాను.