శారద గారిని చూసి కుళ్ళుకున్న రోజులు

ఈ ఉదయం మా అమ్మాయి లాప్‌టాప్ ఫ్యాను ఉన్నట్టుండి రొద మొదలుపెట్టింది. అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంది. "రీస్టార్ట్ చేసేయ్ డాడీ, సింపుల్ లా!" అంది అమ్మాయి, ఇక్కడి సింగపూర్ యాసలో. బటన్ మీదికి వెళ్ళిన నా వేలు ఆగిపోయింది. బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌లో, ఇన్నేళ్ళ తర్వాత, శారద గారి గొంతు గుర్తొచ్చింది. "ముందు అది ఏం పని చేస్తాందో చూడప్పా. ఆపేస్తే ఇంకేం తెలుస్తుంది?"

శారద గారిది కర్నూలు. నేను సింగపూర్ వచ్చిన కొత్తలో మా ఆఫీసు నెట్‌వర్క్ పనులకు ఆవిడే పెద్ద, నేనూ అదే టీము. ఏ కంప్యూటరైనా నెమ్మదించిందంటే నేను రీస్టార్ట్ చేసి వచ్చేసేవాణ్ణి. వారం తిరక్కుండా అదే ఫిర్యాదు మళ్ళీ వచ్చేది. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రాసెసర్‌ని ఏ ప్రోగ్రాం ఎంత తింటోందో చూసి, "నిన్నటికీ ఈరోజుకూ ఏం మారింది?" అని ఆ కంప్యూటర్ వాడే మనిషినే అడిగేవారు. పది నిమిషాల్లో మూలం దొరికేది. సర్టిఫికెట్లు ఆవిడకన్నా నాకే ఎక్కువ. అయినా మా చైనీస్ మేనేజరు ఏ సమస్య వచ్చినా నా బల్ల దాటుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళేవాడు. అతను అలా దాటిపోయిన ప్రతిసారీ నా కడుపు మండేది.

ఆవిడ పనిలో ఏదో ఒక లోపం పట్టుకోవాలని ఎవరికీ చెప్పకుండా ఒక ప్రోగ్రాం రాశాను. ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే ప్రధాన స్విచ్‌ని అది సెకనుకోసారి పలకరించి, వివరాలన్నీ అడిగి రాసుకుంటుంది. రెండో రోజు మధ్యాహ్నం ఆ స్విచ్ ప్రాసెసర్ తొంభై తొమ్మిది శాతానికి చేరింది. ఫోన్లు తెగిపోయాయి. ఫైళ్ళు తెరుచుకోలేదు. నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. మేనేజరు దగ్గరికి వెళ్ళి, పోయిన వారం శారద గారు ఆ స్విచ్‌లో చేసిన మార్పు వల్లే ఇదంతా అని చెప్పాను. అతను అందరి ముందూ ఆవిడను నిలదీశాడు.

ఆవిడ తన కుర్చీలో కూర్చుని, స్విచ్‌ని ఏ కంప్యూటర్ ఎంతగా అడుగుతోందో చూశారు. లేచి నా బల్ల దగ్గరికి వచ్చి, నాకొక్కడికే వినపడేలా అన్నారు. "ఆ ప్రశ్నలన్నీ నీ మిషన్ నుంచే వస్తాండాయప్పా. ఆపు."

ప్రోగ్రాం ఆపాను. నిమిషాల్లో స్విచ్ తేరుకుంది. తప్పెవరిదని మేనేజరు అడిగినప్పుడు నా ఉద్యోగం ఆవిడ నాలుక మీద ఉంది. "మనమే దాన్ని మరీ తరచుగా అడిగాం. ఐదు నిమిషాలకోసారి చాలు" అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకున్నారు.

మర్నాడు, చవక తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ఆవిడకు ఎదురుగా కూర్చుని ఒప్పుకున్నాను. "మీ మీద కుళ్ళుతోనే చేశానండీ."

"తెలుసులే" అన్నారు, తింటూనే. "ప్రోగ్రాం మాత్రం బాగా రాసినావు. టైము పెంచు, మనమే వాడుకుందాం."

తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణేమో. పనిలోనే కాదు, మంచితనంలో కూడా ఆవిడ నాకు అందనంత ఎత్తులో ఉన్నారని ఆ రోజు తెలిసింది. అసూయ ఇంకా పెరిగింది.

తర్వాత ఆవిడ వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఓపిగ్గా వెతకడం వచ్చింది. నా కింద ఎవరైనా పొరపాటు చేస్తే మీటింగులో నేనూ "మనం" అనే అంటాను. కానీ అనేముందు ఆ మనిషి పేరు ప్రతిసారీ నా నోటిదాకా వస్తుంది. దాన్ని మింగుతూ, ఆవిడ అంత తేలిగ్గా ఎలా అనగలిగారో అని ఇప్పటికీ కుళ్ళుకుంటాను.