ఎండను కొలిచిన గల్లీ

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల వైపు దిగే గల్లీలో సుకన్యకు తెలియని ఇల్లు లేదు. చీరలకు ఫాల్ కుట్టడం, పికో చేయడం, బ్లౌజులు వదులు చేయడం ఆమె పని. కుట్టుమిషన్ గుమ్మం పక్కనే ఉంటుంది కాబట్టి వచ్చేపోయేవాళ్లు ఆగి ఒక మాట చెప్పి పోతారు. భర్త తిరుమల్ ఆటో నడుపుతాడు. "నువ్వు ఎలక్షన్ల నిలబడితే నేను ఆటో నడిపే పని తప్పుతది" అని ఆమెను ఏడిపిస్తుంటాడు.

అందుకే రాధిక మొదట ఆమె దగ్గరికే వచ్చింది. రాధికది గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. బస్తీల్లో ఎండ ఎలా ఉంటోంది, ఆ ఎండలో జనం ఎలా తిరుగుతున్నారు అని పరిశోధన చేసే చిన్న సంస్థలో పనిచేస్తుంది.

"మేం వచ్చి కొలుచుకుపోవడం కాదు ఆంటీ. ఇక్కడ ఉండేవాళ్లే కొలవాలి. ఎక్కడ నడవలేకపోతున్నారో మీరే చెప్పాలి" అంది.

"చెప్తె ఏమైతది?"

"అధికారుల ముందు పెడతాం. నీడ కావాలనీ, కూర్చోవడానికి చోటు కావాలనీ అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. వస్తాయని మాత్రం నేను మాటివ్వలేను."

ఆ చివరి మాట సుకన్య విన్నది. కానీ గల్లీలో ఇంటింటికీ తిరిగి చెప్పేటప్పుడు అది ఆమె నోట రాలేదు. నీడ వస్తుందనే చెప్పింది. తనకూ అదే నమ్మాలని ఉంది.

వేడిని కొలిచే అగ్గిపెట్టెంత పరికరాలు ఇంటి లోపల కట్టాలి, కొన్ని సంచికి తగిలించుకుని బయటికి వెళ్లాలి. పక్కింటి సలోమి మొదట ఒప్పుకోలేదు. "మా ఇంట్ల ఉడుకు మాకు ఎర్కలేదా? దాన్ని మల్ల కొల్సుడేంది?" అంది. సుకన్య బతిమాలితే సరేనంది. మిగిలినవాళ్లూ సుకన్య ముఖం చూసే తలుపులు తీశారు.

అందరికంటే ముందు ఒప్పుకున్నది బాలమ్మ. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు బడిలో ఆయాగా చేసింది. భర్త పోయాక మూడంతస్తుల ఇంటి మీద, రేకులు వేసిన ఒంటి గదిలో అద్దెకు ఉంటోంది. పరికరం కట్టడానికి సుకన్య స్టూలెక్కితే రేకుల సెగ తలకు తగిలింది.

"పెద్దమ్మా, దీంట్ల ఎట్ల పంటున్నవే?"

"తడి తువ్వాల కప్పుకుంట బిడ్డా. అది ఎండినంక మల్ల తడుపుకుంట. తెల్లారేదాంక గదే పని."

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆడవాళ్లంతా కలిసి గల్లీ నుంచి మెయిన్ రోడ్డు మీది బస్‌స్టాప్ దాకా నడిచారు. రాధిక పక్కనే నడుస్తూ ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, ఎందుకు ఆగుతున్నారో అడిగింది. సగం దూరంలో ప్రహరీ గోడ పక్కన ఒక కానుగ చెట్టుంది. బాలమ్మ దాని మొదట్లో రాయి మీద కూర్చుంది.

"ఈడ జెర కూసోకుంటె నేను దవాఖానకు పోలేను, బస్సుకు పోలేను."

"ఈ చెట్టు లేకపోతే ఏం చేస్తారు అమ్మమ్మా?" రాధిక అడిగింది.

"లేకుంటె పోను. ఇంట్లనే ఉంట."

అందరూ నవ్వారు. ఎండలో నడిచినా ఆ రోజు వాళ్లకు హుషారుగానే ఉంది. మీ తక్లీఫ్ ఏమిటని అంతకుముందు వాళ్లను ఎవరూ అడగలేదు.

మే నెలలో కమ్యూనిటీ హాల్లో మీటింగ్ జరిగింది. గోడ మీద గల్లీ మ్యాపు పెట్టారు. వేడి ఎక్కువున్న చోట్ల ఎర్ర చుక్కలు. అన్నిటికన్నా పెద్ద చుక్క మూడంతస్తుల ఇంటి మీద ఉంది. రాధిక ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, గల్లీలో ఆ ఎత్తున ఇంకో ఇల్లు లేదు. సుకన్య లేచి నిలబడి, కానుగ చెట్టు కింద ఒక బెంచీ, రోడ్డు పొడవునా ఇంకొన్ని చెట్లు, రేకుల ఇళ్లకు వేడి తగ్గేలా తెల్ల రంగు కావాలని అడిగింది. ఆగకుండా చెప్పింది. వచ్చిన అధికారి చప్పట్లు కొట్టించి, తప్పకుండా పరిశీలిస్తామన్నాడు. మర్నాడు పేపర్లో మ్యాపు పక్కన సుకన్య ఫోటో వచ్చింది. తిరుమల్ ఆ ముక్క కత్తిరించి ఆటోలో అంటించుకున్నాడు.

ఆ పేపరే ఇంటి ఓనర్ పద్మనాభం కూడా చూశాడు. ఆయన కూకట్‌పల్లి వైపు ఉంటాడు. ఆదివారం వచ్చి బాలమ్మను గది ఖాళీ చేయమన్నాడు. సుకన్య పరుగెత్తుకెళ్లింది.

"సార్, ఆమె ఎటు పోతది? గీ ఎండల గిట్ల అంటె ఎట్ల?"

"ఆ ఎండ గురించే కదమ్మా పేపర్లో వేయించారు. రేపు ఆ గదిలో ఆవిడకి ఏదైనా అయితే పోలీసులు నా దగ్గరికొస్తారు. నాకెందుకు ఈ తలనొప్పి?"

"రంగు ఏస్తె సల్లవడ్తది సార్. మీరు ఒక సంతకం పెడితె సర్కారోళ్లే ఏస్తరు."

"ఎలాగూ పడగొట్టి కట్టేదే. రంగెందుకు?"

ఆయన కోపంగా కూడా అనలేదు. సుకన్య రాధికకు ఫోన్ చేసింది. రాధిక వచ్చి ఓనర్‌తో మాట్లాడింది, తమ సంస్థ పెద్దలతో మాట్లాడించింది, చివరికి గదిలో బాలమ్మ ముందు కూర్చుని ఏడ్చింది. బాలమ్మే ఆమె వీపు నిమిరింది.

బాలమ్మ అన్న కొడుకు బోడుప్పల్ అవతల ఒక గది చూసిపెట్టాడు. అదీ రేకులదే. సామాను తిరుమల్ ఆటోలోనే వెళ్లింది. గల్లీవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. సుకన్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. మునుపటిలా మిషన్ దగ్గర ఆగడం మాత్రం తగ్గింది.

వానలు తగ్గాక రోడ్డు వెడల్పు పనులు షురూ అయ్యాయి. కానుగ చెట్టును ఒక్క పొద్దులో కొట్టేశారు. సుకన్య అడ్డం పోయి, పేపర్లో వచ్చిందని, అధికారి మాటిచ్చాడని చెప్పింది. పనివాళ్లు ఆమెను చూసి జాలిగా, "మాకు చెప్పింది చేస్తున్నమక్కా" అన్నారు. తెల్ల రంగు సొంత ఇల్లున్న ఇద్దరు ముగ్గురికే దక్కింది. అద్దెకున్నవాళ్ల ఓనర్లెవరూ సంతకం పెట్టలేదు. రాధిక వాళ్ల ప్రాజెక్టు గడువు అయిపోయింది. పరికరాలు విప్పుకుని వెళ్లిపోయారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. కొత్త చోట బాలమ్మకు తెలిసిన దవాఖాన లేదు. బీపీ గోలీల కోసం ఎప్పటిలాగే సీతాఫల్‌మండికే బస్సులో వచ్చేది. ఒక మధ్యాహ్నం బస్సు దిగి, గల్లీవాళ్లను పలకరిద్దామని అటు నడుస్తూ, కానుగ చెట్టు ఉండిన చోటు ఇంకా కొంచెం దూరం ఉండగానే పడిపోయింది. సలోమి చూసి కేకేసింది. తిరుమల్ ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. బాలమ్మ తల ఒళ్లో పెట్టుకుని సుకన్య నీళ్లు చల్లుతూనే ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఒకసారి కళ్లు తెరిచి, "ఇంటికి పోదాం బిడ్డా" అంది. ఏ ఇంటికో చెప్పలేదు. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

డ్యూటీ డాక్టర్ గుండె ఆగి చనిపోయిందని రాశాడు.

"ఎండదెబ్బ సార్. రోడ్డు మీదనే పడ్డది" అంది సుకన్య.

"పెద్ద వయసు, బీపీ ఉంది. మేం చూసేటప్పటికే పోయింది. ఎండదెబ్బ అని రాయడానికి నా దగ్గర ఏం ఆధారం ఉందమ్మా?"

ఆధారం అన్న మాట వినగానే సుకన్య వెనక్కి తిరిగింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. బాలమ్మ అన్న కొడుకు వచ్చేదాకా అక్కడే ఉంది.

అంత్యక్రియలయ్యాక కొన్నాళ్లకు రాధిక ఫోన్ చేసింది. ఇప్పుడు వేరే సంస్థలో ఉంది. లాలాగూడలో ఇలాంటి పనే మొదలుపెడుతున్నారట.

"అక్కడి ఆడవాళ్లతో మీరొకసారి మాట్లాడితే బాగుంటుంది ఆంటీ. మీరు చెబితే నమ్ముతారు."

"నమ్ముతరు. గందుకే చెప్పలేను రాధికా."

"బాలమ్మగారు ఎలా ఉన్నారు?" అని రాధిక అడిగింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. సుకన్య చెప్పింది. ఫోన్ ఎవరు ముందు పెట్టేశారో తెలియదు.

మెట్టుగూడలో ఒక పెళ్లివారి బ్లౌజులు ఆ సాయంత్రానికే ఇవ్వాలి. ఎండ తగ్గాక వెళ్దామని సుకన్య చూసింది. గోడల నుంచి సెగ ఇంకా కొడుతూనే ఉంది. ఇక తగ్గదని కొంగు తల మీదికి లాక్కుని, సంచి చంకకు తగిలించుకుని బయల్దేరింది. కొత్త రోడ్డు వెడల్పుగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా ఆగకుండా నడిచింది.