అప్పుడొద్దన్నా మా మంచికే

ఆ రోజుల్లో నాకు మనుషుల అభిప్రాయాలంటే మహా గౌరవం. జేబులో రుమాలులాగా ప్రతి మనిషి దగ్గరా ఒకటుంటుందనీ, అడిగితే తీసి చూపిస్తారనీ నమ్మేవాణ్ని. డిగ్రీ పాసై ధర్మవరం వీధుల్లో రెండేళ్లు ఖాళీగా తిరిగాక దొరికిన మొదటి ఉద్యోగం మరి, ఆ మాత్రం నమ్మకపోతే ఎట్లా! మెడలో ఒక కార్డు, చేతిలో పలకంత ట్యాబు, ఊరూరా తిరిగి ఏ పార్టీ గురించి జనం ఏమనుకుంటున్నారో అడిగి నొక్కడం పని. మా నాయన మాత్రం మగ్గం దిగి మరీ వీధంతా "మావోడు సర్వే ఆఫీసరు" అని చెప్పొచ్చాడు (ఇంకో నెల ఆగితే కలెక్టరని చెప్పేవాడేమో).

అప్పట్లో అడగాల్సిన పెద్ద ప్రశ్న భూముల గురించి. ఫ్యాక్టరీకి భూములు కావాలన్నప్పుడు ఒక పార్టీవాళ్లు రోడ్డుకు అడ్డంగా పడుకుని "సెంటు కూడా పోనియ్యం" అన్నారు. గెలిచాక వాళ్లే వచ్చి "ఇచ్చేయండి, ఇంటికో ఉద్యోగం" అన్నారు. దీంతో ఆ పార్టీ మీద మీ అభిప్రాయం మెరుగైందా, చెడిందా, అట్లాగే ఉందా అని అడగాలి. హిందూపురం లాడ్జిలో మకాం పెట్టిన మా టీం లీడరన్న ఆ పొద్దున నా మీద ఉరిమాడు. "నిన్న తెచ్చినవన్నీ ఒకే మాదిరి ఉండాయి. చెట్టు కింద కూచోని నువ్వే నొక్కినావు కదా? ఈ పొద్దు కూడా ఇట్లే తెస్తే ధర్మవరం బస్సెక్కు!" (నిజమే. చింతచెట్టు కింద, చల్లగా కూచుని నేనే నొక్కాను.) మా నాయన ముఖం గుర్తొచ్చి, ఇవ్వాళ ఒక్క ఇల్లు కూడా వదలకూడదని ఒట్టేసుకుని బయల్దేరాను.

పెనుకొండ దాటి చాలా లోపలికి పోతే వచ్చే ఊరది. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఒక్క కుక్క కూడా మొరగలేదు. మొదటి ఇంట్లో ఒక అవ్వ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను ప్రశ్న పూర్తి చేయకముందే తలెత్తకుండా, "అప్పుడొద్దన్నా మా మంచికే, ఇప్పుడియ్యమన్నా మా మంచికే" అంది. భలే చెప్పిందే అనుకుని నొక్కాను. రెండో ఇంట్లో గొర్రెలు కాసుకొచ్చినాయన అదే మాటన్నాడు. మూడో ఇంట్లో కోడలు తలుపు చాటు నుంచి అదే మాటంది. "మంచికే" దగ్గర ముగ్గురూ ఒకే చోట గుక్క తిప్పుకున్నారు. ఎనిమిదో ఇంటికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఒక తలుపైతే నేను తట్టకముందే, లోపలి నుంచి ఆ మాటే వినిపించింది. తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్న చిన్నపిల్ల గడిగడికీ ఆ మాటే పాడుకుంటూ దూకుతోంది. నేను ఆ పిల్లకు దూరంగా వీధి అవతలి పక్కకు జరిగాను. ఆపైన ఉద్యోగం సంగతి కూడా గుర్తొచ్చింది. నిన్న అబద్ధం నొక్కినా ఒకటే జవాబు, ఇవ్వాళ నిజం అడిగినా ఒకటే జవాబు. ఇదెవరు నమ్ముతారు?

ఊరి చివరింటి అరుగు మీద తెల్లగడ్డం, తెల్లపంచెతో ఒక ముసలాయన కూచునున్నాడు. నా ప్రశ్న మొత్తం విన్నాడు. అంతవరకు ఎవరూ వినలేదు! "ఏం చెప్పల్లప్పా! అప్పుడు మా సేను గట్టున కూచోని, సెంటు పోనియ్యం అని అరిసిరి. మజ్జిగిచ్చినా. ఇప్పుడు అదే గట్టున కూచోని ఏలిముద్ర ఎయ్యమంటాండారు. ఇప్పుడూ మజ్జిగిచ్చినా, ఉప్పు మాత్రం ఎయ్యలే" అన్నాడు. నాకు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. ఆనందంగా పేరడిగి ట్యాబులో కొడితే ఓటర్ల జాబితాలో ఆయన లేడు. ట్యాబు అరుగు మీదే పెట్టి, అక్షరాలు సరిచూసుకుందామని ఎదురింటావిడను అడిగాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, "ఆయప్పా? సచ్చిపోయి రెండేండ్లాయ కదప్పా" అంది.

వెనక్కి తిరిగితే అరుగు ఖాళీ. అంతే, పరుగు! ఒక చెప్పు ఎక్కడ ఊడిందో తెలీదు. ఊరు దాటి కల్వర్టు దగ్గర రొప్పుతుంటే వెనక నుంచి "ఓయబ్బా, నిలు!" అని పిలుపు. నేను మొదట చూసింది ముసలాయన పాదాలను (ముందుకే ఉన్నాయి). ఒక చేతిలో నా చెప్పు, ఇంకో చేతిలో ట్యాబు.

"మజ్జిగ తెద్దామని లోపలికి పోయొచ్చేసరికి పరిగెత్తితివి. పోయిన తూరి నీ మాదిరే ఒగడొచ్చినాడు. ఉన్నిదున్నట్ల చెప్తి. నెల తిరక్కుండా పించను నిలిచిపాయ. పోయి అడిగితే, నువ్వు సచ్చిపోయినట్ల రాసుండాదనిరి. అడిగినోళ్లకు ఎదురింటామె కూడా అదే చెప్తాది. నా మాటకే అయ్యిందో, వాళ్ల తప్పో నాకు తెలీదు. ఊరు మాత్రం మాటకే అనుకున్యాది. అందరూ కూచోని, ఎవరడిగినా ఇట్ల చెప్పల్లని ఒగ మాట కట్టుకున్యారు. నేను సచ్చినోన్ని, ఇంగ నన్నేం కోస్తారు? అందుకే నిజం మాట్లాడతాండా." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది. "నా మాట రాసుకో అబ్బా. నేను బతికుండానని కూడా రాయి." రాస్తానని చెప్పాను.

సాయంత్రం లాడ్జిలో టీం లీడరన్న అన్నీ చూశాడు. అరుస్తాడని నేను బ్యాగు కూడా సర్దుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "పైవాళ్లకు ఇట్లాంటివే కావాలంటబ్బా! నిన్నటివి కూడా పంపిస్తా. నీ ఉద్యోగం పర్మినెంటు!" (ఆయన అభిప్రాయం కూడా పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోయింది.) నేను రాసుకొచ్చిన ముసలాయన జవాబు దగ్గర మాత్రం ఆగి, "జాబితాలో లేడే, ఇదొగటి తీసెయ్. చచ్చినోళ్ల అభిప్రాయం మనకేల?" అన్నాడు. చచ్చిపోలేదన్నా అని నోటిదాకా వచ్చింది. మా నాయన ముఖం కూడా గుర్తొచ్చింది. నా వేలితో నేనే నొక్కి తీసేశాను. ముసలాయన రెండోసారి పోయాడు, ఈసారి నా చేతిలో.

మొన్న మధ్యాహ్నం భోంచేస్తుంటే ఫోన్ మోగింది. ఏదో పార్టీ, ఏదో మాట మార్చిందట, నా అభిప్రాయం మారిందా అని ఒక పిల్ల అడిగింది. నా పేరు, మా వీధి అన్నీ ఆమె దగ్గరున్నాయి. "అప్పుడొద్దన్నా మా మంచికేనమ్మా" అన్నాను. గుక్క తిప్పుకున్నాను. "ఇప్పుడియ్యమన్నా మా మంచికే." ఆ పిల్ల గొంతు తగ్గించి, "సార్, పొద్దున్నుంచి అందరూ ఇట్లే చెప్తాండారు. కొంచెం వేరేగా చెప్పండి సార్, మా మేడం నమ్మదు" అంది.

నవ్వొచ్చింది. ఆ ముసలాయన సంగతి చెబుదామనుకున్నాను. "అట్లే రాసుకో తల్లీ, మీ మేడం ఏమనదులే" అని ఫోన్ పెట్టేశాను. ఆయన ఉన్నాడో లేడో తెలియదు. కాగితాల్లో మాత్రం నేనింకా భేషుగ్గా బతికే ఉన్నాను.