కుదరదుగారి తల ఫిల్ము

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, గొట్టాల ఫ్యాక్టరీలో అందరికీ ఆయన కుదరదుగారే. గొట్టానికీ గొట్టానికీ వేసిన వెల్డింగు అతుకుల్ని ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి, అతుకు పనికొస్తుందో లేదో తేల్చడం ఆయన ఉద్యోగం. ఫిల్ములో తెల్లగా ఉంటే గట్టి ఇనుము, నల్లగా ఉంటే లోపల బొక్క. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోనివ్వమని మేనేజరు బతిమాలినా, వెల్డరు కాళ్ళావేళ్ళా పడినా ఒకటే మాట, "కుదరదు". మహా మొండి ఘటం. సొంత తోడల్లుడు వేసిన అతుకుని కూడా కోయించాడు. ఆ తోడల్లుడు చాలాకాలం ఈయన మొహం చూడలేదు.

అంత మొండివాడికీ కిరణాలంటే మాత్రం హడలు. మిషను పెట్టగానే చుట్టూ తాడు కట్టించి, అందర్నీ గోడ అవతలికి తరిమి, ఆఖరున తనూ వెళ్ళి నక్కేవాడు. అలా ఉద్యోగమంతా తప్పించుకు తిరిగిన మనిషికి, రిటైరయ్యాక తలలో చిన్న గడ్డ తేలింది. దానికి వైద్యం ఏమిటయ్యా అంటే, ఆ కిరణాలే! "ఇన్నేళ్ళూ నేను దాక్కున్నాను, ఇప్పుడు దొరికిపోయాను" అని నవ్వుతూనే వెళ్ళి పెట్టించుకున్నాడు. గడ్డ కరిగిపోయింది, మనిషి తేరుకున్నాడు.

కొన్నేళ్ళకి మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలిస్తే ఎవరూ పట్టించుకోలేదు, అది ఆయన కుర్రతనం నుంచీ చేస్తున్నదే. కానీ పోయిన నెల ఒకరోజు బడినుంచి మనవరాలిని తీసుకొస్తూ, పెన్సిలు కొనడానికి కొట్టు దగ్గర ఆగాడు. తర్వాత తిన్నగా ఇంటికొచ్చి, భుజానున్న పిల్ల పుస్తకాల సంచిని మేకుకి తగిలించి, కాఫీ అడిగాడు.

"బుడ్డిదేదండీ?" అంది భార్య.

"బడిలో ఉందిగా" అన్నాడాయన, తాపీగా.

పిల్ల కొట్లో స్టూలు మీద కూర్చుని బఠాణీలు తింటోంది. కొట్టాయన మంచివాడు కాబట్టి సరిపోయింది. పిల్ల తల్లికి, అంటే ఆయన కూతురికి, పై ప్రాణాలు పైనే పోయాయి. "నాన్నా, స్కాన్ తీయించి డాక్టరమ్మ చెప్పేదాకా నువ్వు బడివైపు వెళ్ళకు" అంది. ఆయనకి రోజంతటిలో పని అంటూ ఉన్నది అదొక్కటే. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, దాని కబుర్లు వింటూ వచ్చే ఆ కాస్త దూరం కోసమే పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. మర్నాటినుంచి గడ్డం గీసుకోవడం మానేశాడు.

స్కాన్ మిషను ఆయనకి తెగ నచ్చింది. గొట్టంలాంటి దాన్లో పడుకోబెట్టి కదలొద్దన్నారు. "గొట్టం కదలదమ్మా, నేనూ కదలను" అన్నాడు. లోపల ఢమఢమమని ఒకటే మోత. ఫ్యాక్టరీలో ఉన్నట్టే అనిపించి, హాయిగా గుర్రు పెట్టాడు.

ఫిల్ము చేతికిచ్చి, రేపు డాక్టరమ్మకి చూపించమన్నారు. రేపటిదాకా ఆగే మనిషా! ఇంటికి రాగానే కిటికీకి ఎత్తిపట్టి చూశాడు. మొహం పాలిపోయింది.

"నడిమధ్యలో ఇంత నల్ల బొక్క" అన్నాడు భార్యతో. "చుట్టూ ఈ తెల్లచుక్కలు ఉండబట్టి గానీ, ఇదెప్పుడో పగలాల్సిన తల."

"మీ తలలో బొక్కుందని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. దానికి ఫిల్మెందుకు?" అందావిడ. అని, లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు డాక్టరమ్మ ఆయన లెక్క విని గట్టిగా నవ్వేసింది. "అది బొక్క కాదు బాబాయిగారూ, నీళ్ళుండే చోటు. అందరికీ ఉంటుంది, నాకూ ఉంది."

కుదరదుగారికి ఏనుగెక్కినంత సంబరమైంది. "అయితే తెల్లవి గట్టివేగా?"

డాక్టరమ్మ నవ్వు ఆపింది. గడ్డ మళ్ళీ వచ్చిందేమోనని పోయినేడాది తీసి ఆస్పత్రిలోనే ఉంచిన ఫిల్ముని దీని పక్కన పెట్టింది. "కాదండీ. ఇక్కడ తెల్లగా ఉన్నవే దెబ్బతిన్న చోట్లు. గడ్డ మళ్ళీ రాలేదు, అది నిజంగా శుభవార్త. కానీ కిరణాలు తగిలాక ఇలాంటి మచ్చలు వస్తాయి. కొన్ని వయసు వల్ల కూడా కావచ్చు. నిరుడు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి, ఇప్పుడు పెరిగాయి. ఇందాక జ్ఞాపకశక్తి పరీక్షలోనూ కాస్త తగ్గారు. రెండూ కలిపి చూస్తే, మెల్లిగా మతిమరుపు పెరుగుతున్నట్టే. ఆర్నెల్లకి మళ్ళీ తీసి చూద్దాం."

"మరి బడికి..." అన్నాడు.

"నడక మంచిదే. పిల్లని ఒక్కరే తీసుకురావడం మాత్రం మీ ఇంట్లోవాళ్ళు ఆలోచించుకోండి."

వెంట వచ్చిన కూతురు తండ్రి మొహం చూసింది. మాసిన గడ్డంతో, బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. ఆమె మనసు కరిగిపోయింది. "డాక్టరుగారు వద్దనలేదుగా నాన్నా. నువ్వే వెళ్దువుగాన్లే" అంది.

ఆయన రెండు ఫిల్ములూ తీసుకుని దీపానికి ఎత్తిపట్టాడు. ఈసారి తెల్లచుక్కలే చూశాడు. చాలాసేపు చూశాడు. ఎంత బాధగా ఉన్నా, ఫిల్ము చూసి అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"కుదరదు" అన్నాడు.

కూతురు ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరి, "పిచ్చిదానా, కుదరదంటే పారేయడం కాదు. అనుమానమున్న గొట్టాన్ని పక్కన ఇంకో ఆసరా లేకుండా వాడకూడదంతే" అన్నాడు.

ఆ ఆసరా భార్య. దారిలో కనపడ్డ ప్రతివాళ్ళతోనూ ముచ్చట్లు పెడుతుందని ఇన్నాళ్ళూ ఆవిణ్ణి వెంట రానిచ్చేవాడు కాదు. సోమవారం ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఆయన గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఆవిడ ఇద్దరితో ముచ్చట్లాడింది, ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు.

గేటులోంచి పరిగెత్తుకొచ్చిన బుడ్డిది, అలవాటు ప్రకారం సంచి తాత భుజానికి తగిలించింది. ఆయన దాన్ని తీసి భార్య చేతికిచ్చాడు.

"ఇది నువ్వు పట్టుకో. నేను పిల్లని పట్టుకుంటాను."

కొట్టు దాటుతుండగా, "అబ్బా తాతా, నొక్కేస్తున్నావు" అంది బుడ్డిది. ఆయన పట్టు కాస్త సడలించాడు గానీ, ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.