మైలగాడి ఎడమ కన్ను

ప్రత్తిపాడు నుంచి గుంటూరుకు మిరపకాయల బస్తాలు తోలడంలో గురవయ్యను మించిన బండివాడు లేడని ఊళ్ళో ఎవరన్నా అన్నారో లేదో గాని, గురవయ్య మాత్రం రోజూ అనేవాడు. చీకటితో బండి కట్టి వెళ్ళడం, పొద్దుగూకాక వచ్చి విప్పడం, ఇదీ ఆయన పని. మేతా కుడితీ భార్య సుబ్బరావమ్మ చూసుకునేది. అయినా ఎద్దుల సంగతి తనకు తెలిసినంత వాటిని కన్న ఆవులకు కూడా తెలియదని ఆయన నమ్మకం.

ఆ ఏడు మైలగాడు అడ్డం తిరిగాడు. కాడికి ఎడమ పక్క, అంటే దాపట, ఏళ్ల తరబడి బుద్ధిగా నడిచిన ఎద్దు. మిరప కోతలప్పటి నుంచి రోడ్డు దిగి కాలవలోకి లాగడం మొదలుపెట్టాడు. గురవయ్య చెర్నాకోలకు పని చెప్పాడు. కొట్టేకొద్దీ ఇంకా పక్కకు లాగాడు. ఒళ్ళు బలిసిందని తేల్చేసి, సోమవారం సంతకు తోలేస్తానని బేరగాడు చలమయ్యకు మాటిచ్చాడు గురవయ్య. కాడి మోయని ఎద్దును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం అనుకోలేదు.

ఆదివారం మనవరాలు సామ్రాజ్యం రేగడి మట్టి ముద్ద తెచ్చి ముందర పెట్టింది. మూడో తరగతి పిల్ల. ఇంట్లో ఉన్న జంతువును మట్టితో చేసుకొచ్చి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలన్నారట మేష్టారు.

“మైలగాణ్ణి చేద్దాం తాతా.”

గురవయ్య మట్టి ముద్దను పక్కకు జరిపాడు. “రెండో ఎద్దు, ఎర్రదాన్ని చేద్దాంలేమ్మా.”

“ఎర్రది పొడుస్తది. మైలగాడు మంచోడు.”

ఇక తప్పలేదు. మూపురం, పిర్రలు, తోక కుచ్చు చకచకా వచ్చేశాయి. బండి మీద కూర్చుని ముప్పై ఏళ్లుగా చూస్తున్నవే మరి. ముఖం దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. కన్ను కొమ్ముకు ఎంత కింద ఉంటుంది? ఎంత గుర్తు చేసుకున్నా తట్టలేదు.

“దున్నపోతు మొహం పెట్టావేంటి తాతా!” అని పిల్ల పకపకా నవ్వింది. “పద, చూసి చేద్దాం.”

పట్టపగలు తీరిగ్గా ఎద్దు ముఖానికి ఎదురుగా గొంతుక్కూర్చోవడం ఆయనకు అదే మొదలు. సామ్రాజ్యం పచ్చి జొన్నచొప్ప తెచ్చి ఎడమ పక్కన పట్టుకుంది. మైలగాడు కదల్లేదు. కుడి పక్కకు రాగానే మెడ చాచి అందుకున్నాడు.

“ఈ కన్ను తెల్లగా ఉందేం తాతా?”

గురవయ్య ఆ కంటి ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు. కంట్లో పువ్వు వేసింది. దాపట కట్టిన ఎద్దు రోడ్డు అంచు చూసుకోవాల్సింది ఆ కంటితోనే. కాలవలోకి లాగింది పొగరుతో కాదు, కనపడక. వీపు మీది వాతలు చూసేసరికి గురవయ్యకు తన చెర్నాకోల గుర్తొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. పిల్ల ముందు ఏడవలేక మట్టి పిసుకుతూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా చలమయ్య వచ్చాడు. “ఏం గురవయ్యా, పొద్దున్నే బయల్దేరదామా?”

“నేను తోలను చలమయ్యా. దానికి ఎడమ కన్ను పోయింది. రేపట్నుంచి కుడి పక్కన కడతా.”

“ఇన్నేళ్లు దాపట నడిచింది ఇప్పుడు పక్క మారుద్దా? గుడ్డెద్దుతో బండేం తోలతావయ్యా?”

“కోతల కాణ్ణుంచీ తోలతానే ఉన్నాగా. మారకపోతే ముందు నడిచి నేనే నేర్పుకుంటా.”

చలమయ్య సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సామ్రాజ్యం మట్టి ఎద్దును అరచేతిలో పెట్టుకుని, “బడిలో ఏం చెప్పను తాతా?” అంది.

“మంచిదని చెప్పమ్మా.”

అని లేచి, మైలగాడి కుడి పక్కకు వెళ్ళి, నుదురు నిమురుదామని చెయ్యి ఎత్తాడు. మైలగాడు మెడ ముడుచుకుని, ఉన్న ఆ ఒక్క కన్నూ గట్టిగా మూసుకున్నాడు. నిమరడానికి లేచిన చెయ్యి ఎట్లా ఉంటుందో మైలగాడికి తెలియదు.