గేర్‌బాక్స్ మీద రెండు అక్షరాలు

దయ్యాల మాట వస్తే లేచి వెళ్లిపోయే రకం నేను. చిక్కడపల్లిలో మా మెకానిక్ షెడ్డు ఉన్న గల్లీలో అలాంటి కథలు చాలానే చెప్పుకుంటారు. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగినదాన్ని గల్లీలో ఇంకోలా చెప్పుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

మా ఆయన మెకానిక్. ఏళ్ల తరబడి ఆయనకు పానాలు, స్క్రూడ్రైవర్లు అందిస్తూ అందిస్తూ నేనూ ఇంజన్లు విప్పడం, కట్టడం నేర్చుకున్నాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాతే, యాభైకి దగ్గరపడిన వయసులో, బాగ్ లింగంపల్లిలో ఒక టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను.

షెడ్డు తనకు ఇచ్చేయమని మా మరిది యాదగిరి మొదటి నుంచీ పట్టుబడుతున్నాడు. అతనికి రాంనగర్‌లో వర్క్‌షాపు ఉంది. కిందటి ఎండాకాలం, అశోక్‌నగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి పాత కారు ఇంజన్ మొత్తం విప్పి కట్టాను. నాలుగో రోజుకే కింద ఆయిల్ చుక్కలు పడ్డాయి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచి కారుతోంది.

యాదగిరి వచ్చి వంగి చూశాడు.

"ఎనక ఆయిల్ సీల్ పోయింది వదినా. గేర్‌బాక్స్ దించాల్సిందే. నీతోని కాదు గని బండి నాకియ్యి."

"నా చేతుల్తోని ఏసిన సీల్ అది. పోలే."

"గట్లనా? ఈ ఒక్క బండి కారకుండ చెయ్, మళ్ల షెడ్డు పేరెత్తితే ఒట్టు. కారిందనుకో, తాళం నా చేతిల పెట్టాలె."

లెక్చరర్ గారి ముందే సరేనన్నాను.

మర్నాడు పొద్దున ఇంజనంతా కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. ఆయిల్ ఎక్కడ బయలుదేరినా తెల్లటి పౌడర్ మీద తడి చార పడుతుంది. అరగంట ఇంజన్ నడిపాను. తడి గేర్‌బాక్స్ అంచు దగ్గరే కనిపించింది. మరిది మాటే నిజమయ్యేటట్టుంది. మళ్లీ పౌడర్ చల్లి, షట్టర్ దించి తాళం వేసి, అన్నం తినడానికి ఇంటికి వెళ్లాను. తాళంచెవి ఒక్కటే, అది నా కొంగునే ఉంది. షెడ్డుకు ఇంకో దారి లేదు.

గంట తర్వాత వచ్చేసరికి లెక్చరర్ గారు షట్టర్ ముందు నిలబడి ఉన్నారు. ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం. ఎత్తి ఉంచిన బానెట్ కింద, గేర్‌బాక్స్ మీది పౌడర్‌లో, వేలితో గీసినట్టు రెండు అక్షరాలు ఉన్నాయి.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. "పెన. పెన అంటే ఏందమ్మా?"

అది 'పైన'. ఐత్వం రాసేటప్పుడు కింది మెలిక నేను మరిచిపోతాను. టీచరమ్మ ఎన్నిసార్లు దిద్దిందో.

ఇంజన్ పైభాగం చూశాను. ఇంజన్ వెనక చేయి పట్టని సందు ఒకటి ఉంటుంది. పౌడర్ అక్కడికి చేరనే లేదు. చిన్న అద్దం, టార్చి పెట్టి వెతికాను. ఇంజన్ నెత్తి మీద ఉండే టాపెట్ కవర్ వెనక మూలలో రబ్బరు ప్యాకింగ్ మడతపడి ఉంది. అక్కడి నుంచి ఆయిల్ ఇంజన్ వీపు వెంట సన్నగా జారి, కింద చుక్క కడుతోంది. మడత పెట్టింది నేనే, బిగించేటప్పుడు. ఆ పూటే ప్యాకింగ్ మార్చాను. సీల్ ముట్టుకోలేదు. ఆ కారు ఇప్పటికీ నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లి వస్తోంది. ఒక్క చుక్క పడితే ఒట్టు.

యాదగిరి షెడ్డు అడగడం మానేశాడు. కానీ టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. "అన్ననే వచ్చి రాసిపోయిండు. లేకుంటే వదినకు ఏడ దొర్కుతుండె?"

నేను అక్కడే ఉన్నాను. "మీ అన్నకు సంతకమే రాకపాయె. బతికినన్ని దినాలు బొటనవేలే ఏసిండు. సచ్చినంక బడికి పోయిండా?" అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

నేనే రాసి మరిచిపోయానేమో అన్నారు లెక్చరర్ గారు. అదీ చూశాను. మళ్లీ పౌడర్ చల్లి, అదే చోట రాయబోయాను. పైపులు అడ్డం. మోచేయి ఆనకుండా వేలు అక్కడికి చేరదు. చుట్టూ పౌడరంతా చెదిరిపోయింది. ఆ రోజు అక్షరాల చుట్టూ చల్లింది చల్లినట్టే ఉంది. అయినా, పైన అని నాకే తెలిసి ఉంటే బండి అలా వదిలేసి అన్నానికి ఎందుకు వెళ్తాను?

అక్షరాలు రాని రోజుల్లో అయితే అవేవో గీతలనుకుని గుడ్డతో తుడిచేసేదాన్ని. చదివింది నేను, సందులో వెతికి పట్టుకుంది నేను. కనిపెట్టానన్న పేరు ఎవరికీ ఇవ్వను, మా ఆయనకైనా సరే. తప్పు రాసిన ఐత్వం కూడా నాదే. రాసిన వేలు మాత్రం నాది కాదు. ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు.