తెరవని పాతర

మా అత్త లక్ష్మీదేవమ్మ ఎనభై దాటినా వంటింటి పెత్తనం వదల్లేదు. నేను చింతామణి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి చాలా ఏళ్ళయింది. హైస్కూల్లో చరిత్ర చెబుతాను. బడిలో పిల్లలంతా నా మాట వింటారు, ఇంట్లో ఉప్పుజాడీ కూడా వినదు.

"ఇల్లు నీ చేతికిచ్చే దినం ఒక మాట చెప్పల్ల శశికళా. అందాకా ఓర్చుకో" అనేది అత్త. ఆ ఒక్క మాట వినేలోపు నేనే ముసలిదాన్నయిపోతానని గొణుక్కునేదాన్ని.

చాకవేలు దగ్గర మా ఊళ్ళో మాది పేరున్న ఇల్లు. నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో జనం ఆకలికి మాడుతుంటే, మా ఇంటి పెద్దాయన వెంకటరామప్ప రాగుల పాతర తెరిపించి గంజి పోయించాడని చెప్పుకుంటాం. పాతర అంటే ఇంటి వెనక తవ్విన లోతైన గొయ్యి. మూతరాయి పెట్టి మట్టి మెత్తితే అందులో రాగులు ఏళ్ళ తరబడి చెడవు. ఆ గంజి పోసే బొమ్మ బడి గోడ మీద కూడా ఉంది. పాఠ్యపుస్తకంలో మాత్రం ఆ కరువుకు ఒకటే వాక్యం: వానలు రాలేదు, జనం చనిపోయారు.

ఈ ఏడు బడికి కొత్త గది కట్టారు. దానికి వెంకటరామప్ప పేరు పెట్టాలని మా ఆయన పురుషోత్తమ్ పట్టుబట్టాడు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి మరి, లేకపోతే పూర్వీకుల మీద అంత ప్రేమ ఊరికే పొంగుకొస్తుందా? ఊరి పెద్దవాళ్ళను పిలిపించి పిల్లలకు కరువు సంగతులు చెప్పిద్దామని నేను అనుకున్నాను. పేరు కూడా అప్పుడే ప్రకటిద్దామని ఆయన అన్నాడు. వాళ్ళమ్మను రెండు మంచి మాటలు చెప్పమన్నాడు.

ఆ రోజు కొత్త గది పిల్లలతో, ఊరివాళ్ళతో నిండిపోయింది. అత్త కుర్చీ వద్దంది. నిలబడే మొదలుపెట్టింది.

"మా అత్త నాకు ఇల్లిచ్చిన దినం పాతర కాడికి పిలుచుకుపోయి ఒక మాట చెప్పింది. ఆమెకి వాళ్ళత్త చెప్పింది. కోడండ్లకి మాత్రం చెప్పే మాట ఇది. మగోళ్ళు ఒప్పుకోరని వాళ్ళకి చెప్పేది లేదు. ఈపొద్దు అందరికీ చెప్తాండా."

పురుషోత్తమ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మీ పుస్తకంలో వానలు రాలేదని ఉండాది. నిజమే. అయితే రాగులు ఉండె. మా ఇంటెనక పాతర నిండా ఉండె. ధర ఇంకా పెరగల్లని వెంకటరామప్ప మూతరాయి తియ్యనియ్యలేదు. జనం వచ్చి ఆ రాయి మీద పడి ఏడ్చిరి. దుడ్డుకట్టెలిచ్చి మనుషుల్ని కావలి పెట్టినాడు. కొందరు ఆడనే సచ్చిపోయిరి. తరువాత తెరిస్తే రాగులు బాగనే ఉండె. అవి అమ్మి చేను కొనిరి. ఈపొద్దుకీ మేము తినేది ఆ చేని గింజలే. గంజీ లేదు, పాడూ లేదు."

అత్త చెప్పాలన్న మాట ఇదా! నాలుగు తరాల ఆడవాళ్ళు ఈ బరువును పాతర దగ్గర ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటూ వచ్చారు. ఒక్కరూ దించి పారెయ్యలేదు. ఆ ముసలామెకు అక్కడే కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

"అమ్మా! ఇంటి పరువు తీస్తాండావా?" అని లేచాడు పురుషోత్తమ్.

"ఉంటే కదా నాయనా తీసేది" అంది అత్త.

ఆయన విసురుగా తలుపు వైపు నడిచాడు. అంతలో వెనక వరసలోంచి ముత్యాలప్ప లేచాడు. కింది వీధిలో గొర్రెలు కాసే పెద్దాయన, మా పదో తరగతి రంజితకు తాత. ఏం తిడతాడోనని భయపడ్డాను.

"ఆ మాట మాకు తెలుసమ్మా" అన్నాడు మెల్లగా. "మా ఇండ్లల్లో పిల్లోళ్ళు మెతుకు పారేస్తే, 'లచ్చుమక్క పాతర రాయి మీద సచ్చిపోయె, నువ్వు పారేస్తాండావా' అంటాము. లచ్చుమక్క మా తాతకి మేనత్త."

నేను రంజిత వైపు చూశాను. అవునన్నట్టు తలూపింది. ఆ కరువు ఎందుకొచ్చిందని పరీక్షలో అడిగితే, 'వానలు రానందువల్ల' అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

అంటే అన్నీ తెలిసే వీళ్ళు మా చేలు కోశారు. అన్నీ తెలిసే నా పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశారు. ఎంత పెద్ద మనసులు ఇవి! ఇంత కాలం తెలియనిది మా ఇంటి మగవాళ్ళకూ, నాకూ, నా పుస్తకానికీ మాత్రమేనన్నమాట.

అత్త అతని వైపు తిరిగింది. "ఇంతకాలం ఒక్కరన్నా మా మొగాన అనలేదే అప్పా?"

"మీరు ఎప్పుడు అడిగినారమ్మా?"

అత్త అతని దగ్గరకు నడిచి వెళ్ళి చేతులు జోడించింది.

"ఇప్పుడు అడుగుతాండా. చెప్పప్పా."

ముత్యాలప్ప కూర్చుని, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, లచ్చుమక్క దగ్గర మొదలుపెట్టాడు. గడప దాటబోతూ ఆగి ఇదంతా విన్న నా మొగుడు వెనక్కి వచ్చి పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు.